డ్రైవ్‌వే సీలర్ గురించి అడిగితే జవాబు చెప్పే నాథుడే లేడా?

కస్టమర్ కేర్ విభాగం వారికి,

ఉగాది సావనీరులో మీరు ప్రకటన తెలుగులో వేస్తారు కాబట్టి ఈ ఉత్తరం కూడా తెలుగులోనే రాస్తున్నాను. ఇంగ్లీషులో పంపిన ఈమెయిళ్ళకు ఎలాగూ అతీగతీ లేదు.

అడిగింది చిన్న ప్రశ్న. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఇల్లు, సుమారు 600 చదరపు అడుగుల కాంక్రీట్ డ్రైవ్‌వే, దాని మీద మీ మనుషులే పూసి వెళ్ళిన అక్రిలిక్ పొర. కారు నిలబెట్టే చోట అది తెల్లగా పాలిపోయి లేస్తోంది, కింద కాంక్రీటు నాణెమంత పెచ్చులుగా ఊడి కంకర కనబడుతోంది. చలికాలం లోపు దీని మీద ఏ సీలర్ (నీరు ఇంకకుండా కాపాడే పూత) వేయాలి?

మొదట ఫోనెత్తిన అమ్మాయి "వెట్ లుక్ బాగా అమ్ముడుపోతోందండీ" అంది. ఏది అమ్ముడుపోతోందని నేనడిగానా? పెచ్చులూడుతున్నది తడిసినట్టు మెరిసే ఆ వెట్ లుక్ అక్రిలిక్ కిందే! తర్వాతి ఆయన టెక్నికల్ టీముకు పంపానన్నాడు. టెక్నికల్ టీము డీలర్ని అడగమంది, డీలరు కంపెనీని అడగమన్నాడు. ఫోటోలు పంపితే, ఆ ఫోటోల కిందే ఇంకొకరు "దయచేసి ఫోటోలు పంపండి" అని జవాబు రాశారు. మరొక మహానుభావుడు మీది తారు డ్రైవ్‌వేనా అని అడిగాడు. చివరికి "మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" అని మెసేజ్. ఏం పరిష్కరించారో కాస్త సెలవిస్తే స్టార్ల సంగతి చూద్దాం.

మీ టీముకు తెలియకపోతే నేనే చెబుతాను, రాసి పెట్టుకోండి. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. రోడ్డు మీది ఉప్పునీరు కారు కింద కారి కాంక్రీటు రంధ్రాల్లోకి దిగుతుంది. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది, మంచు కరిగి మళ్ళీ గడ్డకట్టే సార్లనూ పెంచుతుంది. అక్రిలిక్ పైన పొరలా కూర్చుంటుంది, కింద నుంచి వచ్చే తేమను సరిగా బయటికి పోనివ్వదు. ఇక్కడ కావలసింది లోపలికి ఇంకే సిలేన్-సిలోక్సేన్ రకం: నీటిని రానివ్వదు, ఆవిరిని ఆపదు, తడిస్తే జారదు. కానీ పాత అక్రిలిక్ మీద పోస్తే ఇంకదు, ముందు స్ట్రిప్పర్‌తో, అంటే పాత పూతను కరిగించే మందుతో, పూర్తిగా తీయాలి. తీశాక నాలుగు నీటి చుక్కలు వేసి చూడాలి. కాంక్రీటు పీల్చుకుని నల్లబడితే సరే, పూసల్లా నిలిస్తే పొర ఇంకా ఉన్నట్టే. ఒక రోజైనా ఎండిన నేల, రాత్రి కూడా 40 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తగ్గని వాతావరణం ఉండాలి. గాలన్‌కు 150 చదరపు అడుగుల చొప్పున ఒక్క పూతకే నాలుగు గాలన్లు. సిలికేట్ డెన్సిఫయర్‌ను సీలర్ పేరుతో అంటగట్టొద్దు, అది పైభాగాన్ని గట్టిపరుస్తుందే గానీ నీటిని ఆపదు. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి మీకు నోరు రాలేదు.

పేషియో మీరే చేశారు, గ్యారేజీ నేల మీరే చేశారు. మా వీధిలో మీకు పని ఇప్పించింది కూడా మేమే. ఆ మొహమాటం కొద్దీ ఇన్నాళ్ళు ఓపిక పట్టాను.

అక్రిలిక్ మీరు పూసిందే కాబట్టి మీ ఖర్చుతోనే తీయించి, అక్టోబరు దాటకుండా సరైన సీలర్ వేయించండి. వేసే రకం పేరు, పాళ్ళు ముందే కాగితం మీద రాసివ్వండి. ఫోన్ చేసేది విషయం తెలిసిన మనిషి అయితేనే చేయండి. ఇంకో టికెట్ నంబరు వచ్చిందంటే, ఈ ఫోటోలూ మీ మెసేజ్‌లూ నేరుగా న్యూజెర్సీ డివిజన్ ఆఫ్ కన్స్యూమర్ అఫైర్స్‌కు వెళ్తాయి. ఇంటి పనుల కాంట్రాక్టరుగా మీరు రిజిస్టరవాల్సింది అక్కడే కదా. వచ్చే సావనీరు కమిటీకీ ఒక కాపీ పంపుతాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్