నవంబరు వార్తాలేఖ: పునీత లియో నాటిక గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

నవంబరు 10న అసెంబ్లీలో మన ఎనిమిదో తరగతి పిల్లలు వేసిన నాటిక మీద వారమంతా వాట్సాప్ గ్రూపుల్లో చర్చ నడుస్తోందని తెలిసింది. ఎవరో పంపిన చిన్న వీడియోలో ఒక బాబు కత్తి ఎత్తి అరుస్తున్నాడు. అంతమట్టుకే చూసి "బడిలో ఇదేం చదువు" అని కొందరు, "మా పిల్లలకు మతం నూరిపోస్తున్నారా" అని కొందరు రాశారు. అది అట్టకత్తి. ఆ బాబు వేసింది ఐదో శతాబ్దంలో ఐరోపా మీద దండెత్తిన హూణుల రాజు అట్టిలా వేషం. ఎదురుగా, వీడియోలో పడనిచోట, చేతిలో ఏ ఆయుధమూ లేకుండా నిలబడింది పోప్ లియో. ఆ రోజు ఆయన పండుగ.

440 నుంచి 461 వరకు లియో రోములో పోప్‌గా ఉన్నారు. కాన్‌స్టాంటినోపుల్‌లో యూటికెస్ అనే మఠాధిపతి, క్రీస్తులో దైవ, మానవ స్వభావాలు కలిశాక మిగిలింది ఒకటే స్వభావమని బోధించాడు. అక్కడి బిషప్ ఫ్లావియన్ ఆ బోధను తప్పుపడితే, యూటికెస్ తనకు అన్యాయం జరిగిందని లియోకి ఫిర్యాదు పంపాడు. లియో తొందరపడలేదు. ఏం జరిగిందో చెప్పమని ఫ్లావియన్‌ని అడిగి, ఆ కాగితాలన్నీ చదివాకే 449 జూన్‌లో జవాబు రాశారు: క్రీస్తు ఒక్కరే, నిజంగా దేవుడు, నిజంగా మనిషి. ఆ ఏడాది ఎఫెసులో జరిగిన బిషప్పుల సభలో ఆ లేఖను చదవనివ్వలేదు. అక్కడ దెబ్బలు తిన్న ఫ్లావియన్ కొద్దిరోజులకే చనిపోయారు. దాన్ని "దొంగల సభ" అని లియో మొహమాటం లేకుండా అన్నారు. 451లో కాల్సెడోను సభలో అదే లేఖ చదివితే "పేతురే (క్రీస్తు ముఖ్య శిష్యుడు) లియో నోట పలికాడు" అని బిషప్పులు కేకలు వేశారు. నాటికలో చూపించినట్టు, దండెత్తి వచ్చిన అట్టిలాను లియో కలిసింది ఆ మరుసటి ఏడు, ఉత్తర ఇటలీలో.

వేర్వేరు మతాల పిల్లలు ఇష్టపడి వేసిన చరిత్ర నాటిక ఇది. ప్రార్థనకు ఎవరినీ బలవంతపెట్టలేదు, పెట్టం.

ఒక్క ఉత్తరం ఎంత పని చేస్తుందో చూశారా? అందుకే శుక్రవారం ఉత్తరాల పీరియడ్ తీసేయమని ఎవరు అడిగినా నేను ఒప్పుకోను. ఎదుటివాళ్ల మాట పూర్తిగా విని, తన మాటను కారణంతో సహా కాగితం మీద పెట్టగలిగిన పిల్లకి ఏ పరీక్షా భయం కాదు. లియో వేసిన అమ్మాయి తన డైలాగులన్నీ తనే రాసుకుంది! తెరలు కట్టిన ఆరో తరగతి పిల్లలు మధ్యాహ్నం అన్నానికి కూడా లేవలేదు. అట్టిలా వేసిన బాబు ఆ వీడియో తర్వాత రెండు రోజులు బడికి రానన్నాడు. వాడికి మీరు ఒక మంచి మాట చెప్పాలి.

మీరంతా పిల్లల మేలు కోరేవారే. కాబట్టి ఏదైనా అనుమానం వస్తే గ్రూపులో పెట్టేముందు దయచేసి ఆఫీసుకి ఒక ఫోన్ చేయండి. అలాగే, రాత్రి పదకొండు దాకా పిల్లల చేతిలో ఫోన్ ఉంటే మొదటి పీరియడ్‌లో వాళ్లు నిద్రపోతారు. దానికి మా టీచర్లు చేయగలిగింది ఏమీ లేదు.

శనివారం మూడు గంటలకు నాటిక మళ్లీ వేస్తున్నారు, మొత్తం చూడండి. పరీక్షల టైంటేబుల్ డైరీల్లో అంటించాం. బస్సు ఫీజు బాకీలు నెలాఖరులోగా కట్టండి. చలి మొదలైంది, స్వెట్టర్ల మీద పేర్లు రాయండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు