నీలిపూల దుంపలకు ముందు చలి, ఆ తర్వాతే రంగు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక ఆదివారం గృహోద్యానం పేజీలో ఇటీవల వచ్చిన, కుండీల్లోనూ మడుల అంచుల్లోనూ పెంచుకోదగిన నీలం, ఊదా రంగుల వసంతకాలపు దుంపపూల గురించిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. మన ఇళ్లలో ఎరుపు, పసుపు, గులాబి రంగుల పూలకు కొదవ లేదు కానీ నీలం మాత్రం శంఖుపుష్పం దగ్గర, ఊదా డిసెంబరు పూల దగ్గర ఆగిపోతుంది. కాబట్టి ఆ రెండు రంగులనే తీసుకుని ఒక పేజీ కేటాయించినందుకు సంతోషించాను. అయితే ‘అక్టోబరులో నాటితే ఏప్రిల్‌లో పూస్తాయి’ అని ఆ వ్యాసం చెప్పిన మాట నెదర్లాండ్స్‌కు సరిపోతుందే గాని హైదరాబాదుకు సరిపోదు. సైనిక్‌పురిలో మా మిద్దె మీద కొన్నేళ్లుగా ఈ దుంపలను పెంచుతూ, వాటి మీద కొంత డబ్బు, అంతకంటే ఎక్కువ ఆశ పోగొట్టుకున్న వ్యక్తిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

తులిప్, ఒకే కాడకు గుత్తిగా పూసే హయసింథ్, చిన్న ద్రాక్షగుత్తిలా పూసే మస్కారి వంటివన్నీ శీతాకాలం గడ్డకట్టేంత చలిగా, వేసవి పొడిగా ఉండే ప్రాంతాల మొక్కలు. తులిప్‌ల సొంత ఇల్లు మధ్య ఆసియా కొండలు. హయసింథ్ టర్కీ దక్షిణ భాగం, సిరియా, లెబనాన్ ప్రాంతాలది. ఈ దుంపలు మన చేతికి వచ్చేసరికే రాబోయే పూవు లోపల చిన్న మొగ్గగా తయారై ఉంటుంది. కానీ ఆ మొగ్గను పైకి మోసుకువచ్చే కాడ సాగాలంటే దుంప కొన్ని వారాలపాటు చలిలో ఉండి తీరాలి. ఆ కాలంలోనే అందులో నిలవ ఉన్న పిండిపదార్థం చక్కెరలుగా మారుతుంది, కాడ పెరుగుదలకు కావలసిన హార్మోన్ల మార్పులు జరుగుతాయి. తులిప్‌కు ఇంచుమించు 12 నుంచి 16 వారాలు, హయసింథ్‌కు 10 నుంచి 14 వారాలు, 9 డిగ్రీల సెల్సియస్ లోపు చలి కావాలి. హైదరాబాదులో డిసెంబరు, జనవరి రాత్రులు మామూలుగా 13 నుంచి 16 డిగ్రీల మధ్య ఉంటాయి. శివార్లలో కొన్ని రాత్రులు 10 డిగ్రీల దిగువకు పోయినా, తెల్లారి పది గంటలకల్లా ఎండ కాస్తుంది. ఆ చలి మనకు బీరువాలోంచి స్వెట్టరు బయటికి తీయడానికి సరిపోతుందేమో కానీ, తులిప్ దుంపకు అది చలి కిందికే రాదు.

మొదటి సంవత్సరం ఈ సంగతి తెలియక, ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర కొన్న పన్నెండు హయసింథ్ దుంపలను అక్టోబరులోనే నేరుగా కుండీల్లో నాటాను. అన్నిటికీ ఆకులు వచ్చాయి, వాటిలో మూడింటికి మాత్రం పూగుత్తి కనిపించింది. అది కూడా కాడ లేకుండా ఆకుల మొదట్లోనే ఇరుక్కుని, మట్టికి రెండంగుళాల ఎత్తున సగం విచ్చి కుళ్లిపోయింది. మరుసటి సంవత్సరం తులిప్ దుంపలను ఫ్రిజ్‌లో పెట్టాను. నెలలు లెక్కపెట్టుకుని నాటినా ఆకులు తప్ప ఒక్క మొగ్గా రాలేదు. ఒక దుంపను తవ్వి తీసి కత్తితో నిలువునా రెండుగా కోసి చూశాను. ఉల్లిగడ్డలాగే తెల్లని పొరలు పొరలుగా ఉన్న ఆ దుంప నట్టనడుమ, మొగ్గ ఉండవలసిన చోట గోధుమరంగులో ఎండిపోయిన సన్నని పొట్టు ఒకటి కనిపించింది, వేలితో తాకితే పొడి అయింది. ఆ దుంపలను నేను కూరగాయల అరలో ఆపిల్ పండ్ల పక్కన ఉంచాను. పండ్లు మాగేటప్పుడు వదిలే ఇథిలీన్ వాయువు దుంపలోని పూమొగ్గను చంపేస్తుంది. అమ్మినవారు ఈ రెండు విషయాల్లో ఒక్కటీ చెప్పలేదు, పొట్లం మీద కూడా రాయలేదు. మీ వ్యాసంలోనూ ఆ రెండూ లేవు.

పేరులో ‘వసంతం’ ఉండడమే మనవాళ్లను తప్పుదోవ పట్టిస్తోందని నాకు అనిపిస్తుంది. మన వసంతం ఉగాదితో మొదలవుతుంది, అప్పటికి ఇక్కడ ఎండలు ముదిరిపోతాయి. శివరాత్రికి చలి ‘శివ శివ’ అంటూ వెళ్లిపోతుందని పెద్దలు అనే మాటే ఈ దుంపలకు సరైన గడువు; శివరాత్రి నాటికి పూత పూర్తి కావాలి. అందుకు వెనక్కి లెక్క వేసుకుంటే, దసరా నాటికి దుంపలు ఫ్రిజ్‌లోకి చేరాలి (ఎక్కువ వారాల చలి కావలసిన తులిప్‌లైతే మరో రెండు మూడు వారాల ముందే), ధనుర్మాసం మొదలయ్యేసరికి కుండీల్లోకి రావాలి, సంక్రాంతి దాటాక ఫిబ్రవరి రెండో వారం వరకు పూయాలి. ఢిల్లీలో రోడ్ల పక్కన పెట్టే తులిప్‌లు కూడా ఇంచుమించు ఈ పద్ధతిలోనే, చలి పట్టించిన దుంపలను శీతాకాలంలో నాటగా ఫిబ్రవరిలో పూస్తున్నాయి. 2007లో ప్రారంభమైన శ్రీనగర్ తులిప్ తోటలో మాత్రం మార్చి చివర, ఏప్రిల్‌లో పూత వస్తుంది. అక్కడ మంచే ఆ పని చేసిపెడుతుంది కాబట్టి ఫ్రిజ్ అవసరం ఉండదు. మన పాఠకులు ఆ ఫొటోలు చూసి అదే నెలను ఇక్కడ ఆశించకూడదు.

ఫ్రిజ్ సంగతి కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది. దుంపలను కాగితపు సంచిలోగాని వలసంచిలోగాని వేసి, గాలి ఆడేటట్టుగా కింది అరలో ఉంచాలి. మూతి బిగించిన పాలిథిన్ సంచిలో చెమ్మ చేరి బూజు పడుతుంది. ఫ్రీజర్‌లో పెట్టకూడదు. ఆపిల్, అరటి, టమాటా వంటివి దుంపలు ఫ్రిజ్‌లో ఉన్నన్నాళ్లూ వేరే చోట ఉండాలి. చిన్న ఇంట్లో ఇది కష్టమే, అందుకే నేను ఇప్పుడు పది పన్నెండు దుంపలకు మించి తెప్పించడం లేదు. వారానికోసారి తీసి వేలితో నొక్కి చూసి, మెత్తబడ్డవాటిని పారేయాలి. హయసింథ్ దుంపల పొరలు కొందరి చేతులకు దురద పుట్టిస్తాయి కనుక తొడుగులు వేసుకోవడం మంచిది. వీటన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త మరొకటి ఉంది: తులిప్, హయసింథ్ దుంపలు చూడడానికి అచ్చం ఉల్లిగడ్డల్లా ఉంటాయి, కానీ తింటే విషం. వంటకు వచ్చే మనిషో, ఊరి నుంచి వచ్చిన అత్తయ్యో పొరపాటున పోపులో వేయకుండా సంచి మీద పెద్ద అక్షరాలతో ‘తినేవి కావు’ అని తెలుగులో రాసి అంటించాలి. ఈ మాట చెప్పకుండా దుంపలను ఫ్రిజ్‌లో పెట్టమని ఏ పత్రికా సలహా ఇవ్వకూడదని నా అభిప్రాయం.

ఇక రంగు విషయం. మీ వ్యాసంతో వచ్చిన ఫొటోలో ఆకాశనీలం రంగు తులిప్ ఉంది. అటువంటి తులిప్ లేదు. ‘బ్లూ ప్యారట్’, ‘బ్లూ డైమండ్’ వంటి రకాల పేర్లలో నీలం ఉన్నా, పూస్తే అవి వంగపండు రంగుకు, ఉల్లిపొర రంగుకు మధ్యన ఉంటాయి. ‘క్వీన్ ఆఫ్ నైట్’ బాగా పండిన నేరేడు పండు రంగు. ఊదా కావాలనుకునేవారికి ఇవి చక్కని రకాలే, నీలం అనుకుని కొంటేనే నిరాశ. నీలి తులిప్ ‘విత్తనాలు’ అంటూ ఆన్‌లైన్‌లో అమ్మేవాటిని కొనవద్దని మీ పాఠకులను హెచ్చరించమని వేడుకుంటున్నాను. అసలైన తులిప్ విత్తనమైనా పూయడానికి అయిదు నుంచి ఏడేళ్లు పడుతుంది, అది కూడా చలిదేశంలో. అలాగే వ్యాసంలో వసంతపు క్రోకస్ పక్కన కశ్మీరు కుంకుమపూవు ప్రస్తావన వచ్చింది. రెండూ ఒకే కుటుంబానివి, రెండూ ఊదా రంగువే కానీ, పాంపోర్ పొలాల్లో కుంకుమపూవు పూసేది అక్టోబరు, నవంబరు నెలల్లో. దానిని వసంతపు పూవుగా చెప్పడం పొరపాటు.

నిజమైన నీలం కావలసినవారికి మా మిద్దె మీద ఫలితం ఇచ్చిన వాటిలో హయసింథ్‌నే ముందు చెబుతాను. ‘డెల్ఫ్ట్ బ్లూ’ లేత నీలం, ‘బ్లూ జాకెట్’ ముదురు నీలం. దుంప చుట్టుకొలతను సెంటీమీటర్లలో అడిగి, 16కు తగ్గనివి తీసుకోవాలి, ఎందుకంటే పూగుత్తి నిండుదనం దుంప పరిమాణాన్ని బట్టే ఉంటుంది. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, ఇసుక సమంగా కలిపి, అడుగున నీరు నిలవని మట్టికుండీలో దుంప కొన పైకి కనిపించేటట్టు నాటాలి. మొలక రెండంగుళాలు వచ్చేవరకు కుండీని ఉత్తరపు గోడ నీడలో, తడి ఇసుక పోసిన మరో పెద్ద కుండీలో దించి ఉంచితే వేళ్లకు చల్లదనం దొరుకుతుంది. వేసవిలో కూజాలో నీళ్లు చల్లబడే పద్ధతే ఇక్కడా పని చేస్తుంది. పోయిన ఫిబ్రవరిలో ఒక సాయంత్రం చీకటి పడే వేళ మెట్లెక్కి మిద్దె మీదికి వెళితే, పక్కనున్న ఎర్ర మందారం నల్లగా కలిసిపోయి, ఈ నీలం మాత్రం దీపం పెట్టినట్టు కనిపించింది. వెలుతురు తగ్గేకొద్దీ మన కంటికి ఎరుపు మసకబారి నీలం తేటగా కనబడుతుంది. కాబట్టి నీలిపూల కుండీలను మధ్యాహ్నపు ఎండలో కాకుండా, ఉదయం ఎండ తగిలి సాయంత్రం మనం కూర్చునే తూర్పు వైపున పెట్టుకోవడం మేలు.

మస్కారి దుంపలు చిన్నవి, ఎనిమిదంగుళాల కుండీలో పది పన్నెండు దగ్గరదగ్గరగా నాటితేనే నిండుగా ఉంటుంది; పూస్తే నీలిరంగు చిన్న ద్రాక్షగుత్తుల్లా ఉంటాయి. వీటికీ ఫ్రిజ్ తప్పదు. డచ్ ఐరిస్‌కు అంత సుదీర్ఘమైన చలి అక్కరలేదు. రేకుల మీద పసుపు గీతతో వచ్చే ఈ నీలం మొదటిసారి ప్రయత్నించేవారికి తగినది. అనిమోన్ దుంపలు ఎండిన రాళ్లలా ఉంటాయి, నాటే ముందు మూడు నాలుగు గంటలు నీళ్లలో నానబెడితే చాలు. అక్టోబరు చివర నాటితే మన చలికాలంలోనే పెరిగి పూస్తాయి. చలి పట్టించవలసిన వాటిని మాత్రం పూలు అయ్యాక దాచిపెట్టడం దండగ. మన వేసవి వేడిలో, ఆ తర్వాతి వర్షాల తడిలో అవి కుళ్లిపోతాయి, మిగిలినా మళ్లీ పూయవు. వాటిని ఒక్క సీజను పూలుగానే లెక్క వేసుకుని కొనాలి.

పెరట్లో మడుల అంచుల్లో, నేలలో శాశ్వతంగా ఉండేవి కావాలంటే వ్యాసం ఊసెత్తని, మన వాతావరణానికి అలవాటుపడ్డ దుంపలను చూడాలి. ఊదారంగు గ్లాడియోలస్ అక్టోబరులో నాటితే దాదాపు మూడు నెలల్లో పూస్తుంది, దానికి చలి బాధ లేదు. భూచంపకం ఇంకా గొప్పది. శీతాకాలమంతా మట్టిలో నిద్రపోయి, మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక్క ఆకు కూడా లేకుండా నేలను చీల్చుకుని తెలుపు, ఊదా కలిసిన పరిమళభరితమైన పూలు పూస్తుంది. ఆకులు ఆ తర్వాత వస్తాయి. మన వసంతంలో నిజంగా పూసే ఊదారంగు దుంపపూవు ఇదే. దుంప నుంచి వచ్చే నీలం ఇంకొకటి, మన చెరువుల్లోని నల్లకలువ. ఒకటిన్నర అడుగుల వెడల్పున్న తొట్టిలో బంకమట్టి వేసి దుంప నాటి, నీళ్లు నింపి, రోజుకు అయిదారు గంటలు ఎండ తగిలేచోట ఉంచి, దోమలు చేరకుండా నాలుగు గప్పీ చేపలు వేస్తే సరిపోతుంది. నీలోత్పలమని, ఇందీవరమని మన కవులు కన్నులతో పోల్చిన పూవును మిద్దె మీద పెంచుకోవచ్చని చాలామందికి తెలియదు.

నా విన్నపం రెండు భాగాలుగా ఉంది. మీ పేజీలో దుంపపూల గురించి రాసినప్పుడల్లా నాటే నెలలు, పూసే నెలలు ఏ ఊరి చలిని బట్టి చెప్పినవో స్పష్టం చేయండి, హైదరాబాదుకు వేరే కాలపట్టిక ఇవ్వండి; రాజేంద్రనగర్‌లో ఉద్యాన కళాశాల మన నగరంలోనే ఉంది కనుక అక్కడి పుష్పసాగు అధ్యాపకులతో రాయిస్తే ఇంకా మంచిది. ఏటా నెక్లెస్ రోడ్డులో నర్సరీ మేళా జరిగేటప్పుడు, దుంపల పొట్లం మీద రకం పేరు, చుట్టుకొలత, చలి పట్టించినదా లేదా, పట్టించకపోతే ఎన్ని వారాలు కావాలి, తింటే విషమా అన్న వివరాలను తెలుగులో రాయవలసిందిగా అమ్మకందారులను మీ పత్రిక తరఫున కోరండి. కొనేవారు ఫొటో చూసి రంగు అడుగుతున్నారు, చలి గురించి అడగాలన్న సంగతి వారికి ఎవరూ చెప్పడం లేదు.

సవరణ వేసే ఉద్దేశం మీకు ఉంటే, దయచేసి దసరాకు కనీసం నాలుగు వారాల ముందు వేయండి. దసరా దాటాక దుంపలు కొన్నవారికి శివరాత్రిలోపు చలి పట్టించి పూయించే వ్యవధి మిగలదు.

భవదీయ,
మిద్దెతోట పెంచుకునే ఒక పాఠకురాలు,
సైనిక్‌పురి, హైదరాబాద్.