తప్పొప్పుల చీటీ

విజయవాడ,
ఆదివారం రాత్రి

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన మీ క్లాసు బోర్డు ఫొటో చూశాం. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, పక్కన గేట్ల బొమ్మ కూడా కుదిరింది. మీ అమ్మ దాన్ని కింద వాటా వాళ్లకి చూపించి మరీ వచ్చింది. ఫోన్లో చెబితే సగం వినకుండానే సరే నాన్నా అంటావని ఉత్తరం రాస్తున్నాను.

మూడో వరస చూడమ్మా. 'ప్రకాశం బ్యారేజీని 1855లో కాటన్ దొర కట్టించాడు' అని ఉంది. ఎక్కడిదంటే నెట్లో నాలుగు చోట్ల అదే ఉందన్నావు. ప్రకాశం పంతులుగారు పుట్టిందే 1872లో కదా! 1855లో పూర్తయింది పాత ఆనకట్ట. కాటన్ దొర పట్టుబట్టిన పథకమే గానీ, దగ్గరుండి కట్టించిన ఇంజనీరు కెప్టెన్ ఓర్. వందేళ్లకు దగ్గర పడుతుండగా 1952లో దానికి గండి పడింది. ఆ తర్వాత కట్టిందే ఈ 70 గేట్ల బ్యారేజీ. 1957లో వాడుకలోకి వచ్చింది, పంతులుగారు పోయిందీ ఆ ఏడే. కాటన్ దొర పేరు చెప్పగానే మనకి ధవళేశ్వరం గుర్తొస్తుంది. గోదావరి మీది పేరూ, కృష్ణ మీది పాత ఆనకట్టా, కొత్త బ్యారేజీ, మూడూ కలిసి ఒక్క వాక్యంలో ముద్దయిపోయాయి.

నువ్వు పంపిన లింకులు నాలుగూ తెరిచి చూశాను. నాలుగింటిలోనూ 'ఆనకట్ట' అన్న మాటకి ఒత్తు ఎగిరిపోయి 'ఆనకట' అని ఉంది. అంటే ఒకరు రాసింది మిగతా ముగ్గురూ దించుకున్నారు. ఎవరు రాశారో పేరు లేదు, ఎప్పుడు రాశారో తేదీ లేదు, ఏ పుస్తకం చూసి రాశారో అసలే లేదు. ముప్పయ్యేళ్లు ప్రూఫులు దిద్దిన కళ్లమ్మా ఇవి, అలాంటివి ఊరికే వదలవు.

వదిలిన రోజూ ఉంది. నువ్వు అప్పటికి ఉయ్యాల్లో ఉన్నావు. మా ప్రెస్సులో ఏడో తరగతి గైడు ఒకటి వేస్తున్నాం. బళ్లు తెరిచే రోజులు, రాత్రీ పగలూ ఫారాలు దిద్దుతున్నాం. 'పొట్టి శ్రీరాములు గారి ఆత్మార్పణతో 1953లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది' అని ఉంటే, అక్షర దోషాలేం లేవని టిక్కు పెట్టేశాను. నెల తిరక్కుండా ఒక పల్లెటూరి మాస్టారి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. '1953 అక్టోబరు 1న ఏర్పడింది ఆంధ్ర రాష్ట్రం, కర్నూలు రాజధాని. ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1న. మా పిల్లలు మీ గైడు చూసి నాతో వాదిస్తున్నారండీ' అని రాశారు. తిట్టలేదు. ఆ చివరి మాటకి నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. మిగిలిన కాపీలన్నిటికీ తప్పొప్పుల చీటీ వేయించి, మైదా జిగురుతో నేనే కూర్చుని అంటించాను. అప్పటికే అమ్ముడైపోయిన వాటికి ఏం చేయగలం? ఆ పిల్లల్లో ఎంతమంది పరీక్షలో అదే రాసుంటారో.

అలాగని నెట్టు చూడొద్దని అనను. మీ బడిలో ఉన్న నాలుగు బీరువాల పుస్తకాలతో మీ పల్నాడు పిల్లలకి ఏం సరిపోతుంది? తన ఊరి చెరువు గురించి, తన పంట గురించి సొంతంగా చూసి రాసేవాళ్లు నెట్లో ఉన్నారు. పాఠ్యపుస్తకంలో దొరకని సంగతులు వాళ్ల దగ్గర దొరుకుతాయి. కాకపోతే ఏడాదీ, పేరూ, లెక్కా వచ్చినప్పుడు మాత్రం బోర్డు ఎక్కించే ముందు ఇంకో చోట సరిచూసుకో. ఆ ఇంకో చోటు మొదటిదాన్ని చూసి రాసింది కాకూడదు.

రేపు ఆ వాక్యాన్ని గుట్టుగా తుడిచేయకు తల్లీ. పిల్లలు నోటు పుస్తకాల్లోకి ఎక్కించుకునే ఉంటారు. దాని పక్కనే '1872 ప్రకాశం పంతులుగారి పుట్టుక' అని రాసి, ఏమీ చెప్పకుండా కాసేపు ఆగు. ఎవరో ఒకరు లేచి అడుగుతారు. అప్పుడు నేనే పొరపాటు రాశానర్రా, ఎక్కడ చూసి రాశానో ఇదిగో అని ఫోను తీసి చూపించు. టీచరంటే గౌరవం పోతుందేమోనని భయపడకు. ఆ కార్డు రాసిన మాస్టారి మీద నాకున్న గౌరవం ఇన్నేళ్లకీ చెక్కుచెదరలేదు.

అప్పటి చీటీ ఒకటి నా దగ్గర మిగిలింది. ఈ కవర్లో పెడుతున్నాను. పిల్లలకి చూపించు. మడత దగ్గర చిరుగుతోంది, జాగ్రత్త. దసరాకి వచ్చేటప్పుడు మళ్లీ తెచ్చివ్వు.

మీ నాన్న