తెల్లారేదాకా వీధి దీపాలు ఆర్పకండి

సంపాదకులు గారికి నమస్కారం.

మాది విజయవాడ కృష్ణలంకలోని రాణిగారితోట. ఇంట్లోనే ఇడ్లీ పిండి, అట్ల పిండి రుబ్బి బస్టాండు దగ్గర ఒక టిఫిన్ బండికి, గవర్నర్‌పేటలో ఒక మెస్సుకు, దారిలో కొన్ని ఇళ్ళకు సైకిల్ మీద తీసుకెళ్ళి వేస్తుంటాను. ధనుర్మాసం వచ్చిందంటే మా పేటలో తెల్లవారుజామున నాలుగున్నరకే సందడి మొదలవుతుంది. కానీ ఐదున్నర దాటీ దాటకముందే, ఆకాశంలో ఇంకా చుక్కలు కనిపిస్తుండగానే, మా వైపు వీధి దీపాలు ఆరిపోతున్నాయి. అక్కణ్ణుంచి వెలుతురు వచ్చేదాకా చీకట్లో, పొగమంచులో సైకిళ్ళు తొక్కుతున్నాం. ఆ దీపాలు ఇంకాస్త సేపు ఉంచమని అడగడానికే ఈ ఉత్తరం.

ఎండాకాలంలో ఈ బాధ లేదు. మే నెలాఖరుకి మన ఊళ్ళో ఐదున్నరకే సూర్యోదయం అవుతుంది, దీపాలు ఆ వేళకి ఆరినా ఎవరికీ ఇబ్బంది ఉండదు. జనవరిలో సూర్యుడు వచ్చేసరికి 6.40 అవుతుంది. గంటకు పైగా తేడా. పైగా మాకు ఒకపక్క కృష్ణ, ఇంకోపక్క బందరు కాలువ. రాత్రి ఆకాశంలో మబ్బు లేకుండా, గాలి ఆడకుండా ఉంటే నేల చల్లబడి, నీళ్ళ మీది తేమంతా మంచుగా మారి మా వీధుల్లోనే నిలబడిపోతుంది. నాలుగు కరెంటు స్తంభాల అవతల ఏముందో తెలియదు. ఎవరైనా చెత్తకు నిప్పు పెట్టారంటే ఆ పొగ కూడా పైకి పోకుండా మంచులో కలిసి కళ్ళు మండిస్తుంది. భోగి రోజున పాత టైర్లు తగలబెట్టేవాళ్ళకు కూడా ఇదే నా మనవి. పిడకలు, కట్టెలు వెయ్యండి, టైర్లు వద్దు.

ఆ చీకట్లో వెళ్ళకపోతే ఏం, ఆరున్నరకు వెళ్ళొచ్చు కదా అని కొందరంటారు. అలా కుదరదండి. టిఫిన్ బండి దగ్గర ఆరింటికల్లా ఇడ్లీ పాత్ర పొయ్యి మీదికి ఎక్కాలి. బస్సు దిగినవాళ్ళు, ఎక్కాల్సినవాళ్ళు, సూర్యారావుపేట ఆసుపత్రుల్లో రాత్రంతా రోగుల దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళు ఆ వేళకే తింటారు. మెస్సులో పిల్లలకు ఏడింటికి క్లాసులు. పిండి అరగంట ఆలస్యమైతే ఆ పూట బేరం పోయినట్టే, మర్నాటి నుంచి ఇంకొకరి దగ్గర తీసుకుంటారు.

చలికాలం పిండి పని ఎలా ఉంటుందో కాస్త చెబుతాను. ఎండాకాలంలో రాత్రి ఎనిమిదింటికి రుబ్బినా తెల్లారేసరికి గిన్నె అంచు దాటి పొంగుతుంది. ఇప్పుడు అలా కాదు. పొద్దున్నే మినప్పప్పు నానేసి మధ్యాహ్నం మూడింటికల్లా గ్రైండరు వేసెయ్యాలి. రుబ్బేటప్పుడు గోరువెచ్చని నీళ్ళు పోస్తాను. ఇడ్లీ రవ్వ కడిగి గట్టిగా పిండి, రుబ్బిన పప్పులో వేసి చేత్తో కిందా మీదా బాగా కలుపుతాను. గరిటెతో కలిపితే చలిలో సరిగ్గా పులవదని మా అత్తగారు అనేవారు, నేనూ చూశాను, ఆవిడ మాట నిజమే. ఎండాకాలంలో అయితే ఉప్పు రాత్రే వేస్తాను, ఈ రెండు నెలలూ మాత్రం పిండి పులిశాక పొద్దున వేస్తాను. రాత్రి వంటయ్యాక గిన్నెల్ని స్టవ్వు పక్కకు జరిపి పాత రగ్గులు కప్పుతాం. మధ్యలో ఒకసారి లేచి మూత తీసి చూడకపోతే నాకు నిద్ర పట్టదు. పిండి మీద సన్నటి బుడగలు కనిపిస్తే అప్పుడు స్థిమితం.

అంత కష్టపడి పులియబెట్టిన పిండిలో ఉండేది గాలి. ఆ గాలి ఉంటేనే ఇడ్లీ దూదిలా వస్తుంది. స్టీలు క్యానులో పోసి సైకిల్ క్యారియర్ మీద పెట్టి పాత ట్యూబుతో బిగించి కడతాను. దారిలో గోతిలో పడినా, స్పీడ్ బ్రేకర్ చూసుకోకుండా ఎక్కించినా పిండి కుదుపుకి దిగిపోతుంది. గిన్నెలో ఉన్నంత పిండీ క్యానులో ఉంటుంది, కానీ ఇడ్లీ గట్టిగా వస్తుంది. బండి ఆయన ‘ఏంటమ్మా, ఇవాళ పిండి ఇలా ఉంది’ అంటే నేనేం చెప్పను? రోడ్డు కనిపించలేదని చెప్పాలి. స్పీడ్ బ్రేకర్ మీద చీకట్లో కనిపించే గీతలు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధనల్లోనే ఉంది. మా దారిలో ఉన్నవాటి మీద ఎప్పుడో వేసిన రంగు పూర్తిగా అరిగిపోయింది. దీపం ఉంటే రంగు లేకపోయినా ఎత్తు కనిపిస్తుంది. రెండూ లేకపోతే ముందు చక్రం ఎగిరాకే తెలుస్తుంది.

నేను తొక్కే సైకిల్ మా అమ్మాయిది. అది హైస్కూల్లో చదివేటప్పుడు ‘బడికొస్తా’ పథకంలో ప్రభుత్వం ఇచ్చింది. ఇప్పుడు అది ఉద్యోగం చేసుకుంటోంది, సైకిల్ నాకు వచ్చింది. బాగా చూసుకుంటే ఎన్నేళ్ళైనా పనిచేసే వస్తువు. చలికాలం ముందు ఒకసారి ఓవరాయిలింగ్ చేయిస్తాను. పొద్దున్నే రిమ్ముల మీద మంచు చెమ్మ ఉంటుంది, బ్రేకు పట్టినా జారుతుంది. అందుకని బయల్దేరే ముందు రెండు రిమ్ములూ పాత గుడ్డతో తుడుస్తాను. చైనుకు కుట్టుమిషన్ నూనె వేస్తాను. కొందరు ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె రాస్తారు. ఈ చలికి సీసాలోనే గడ్డకట్టే నూనె చైను మీద మాత్రం ఎలా పారుతుంది? దుమ్ము పట్టి ఇంకా బిగుసుకుపోతుంది.

మా ఆయన ఆటోనగర్‌లో లారీ బాడీలకు రంగులు వేసే పని చేస్తారు. లారీల వెనక అంటించే ఎర్ర రేడియం స్టిక్కరు ముక్కలు మిగిలితే తెచ్చి నా సైకిల్ వెనక మడ్‌గార్డుకి, పిండి క్యాను చుట్టూ, పెడల్స్ అంచులకీ అంటించారు. పెడల్స్‌కి ఎందుకు అని అడిగాను. కదిలే వెలుగు తొందరగా కంటపడుతుంది, ముందు వెళ్ళేది సైకిల్ అని వెనకవాడికి దూరం నుంచే అర్థమవుతుంది అన్నారు. నిజమే, అప్పట్నుంచి వెనకొచ్చే బండ్లు ముందుగానే పక్కకు తప్పుకోవడం గమనిస్తున్నాను. సంక్రాంతికి దుప్పట్లు పంచే దాతలు చాలామంది ఉన్నారు మన ఊళ్ళో, వాళ్ళకు దండం పెడతాను. ఈసారి దుప్పట్లతోపాటు బస్టాండు దగ్గరో, కాళేశ్వరరావు మార్కెట్ దగ్గరో నిలబడి వచ్చే ప్రతి సైకిల్‌కీ ఒక రేడియం ముక్క అంటించి పంపమని అడుగుతున్నాను. దుప్పటి ఖరీదులో చాలా సైకిళ్ళకు వస్తుంది.

అయితే రేడియం తనంతట తాను వెలగదు. దాని మీద వెలుగు పడాలి. ఎదురుగా నడిచొచ్చేవాళ్ళకీ, లైటు లేని ఇంకో సైకిల్‌కీ అది పనికిరాదు. మా వీధిలో ఆ వేళకు ఎంతమంది ఉంటారో చూడండి. ముగ్గు బస్తా సైకిల్ మీద వేసుకుని ‘ముగ్గమ్మా ముగ్గు’ అని అరుచుకుంటూ వచ్చే పెద్దాయన. చామంతిపూల గంప పెట్టుకున్న అమ్మాయి. పాల ప్యాకెట్లవాళ్ళు. రోడ్లు ఊడ్చే ఆడవాళ్ళు. భవానీ దీక్షల విరమణ రోజుల్లో కాళ్ళకు చెప్పుల్లేకుండా దుర్గమ్మ కొండ వైపు నడిచి వెళ్ళే భక్తులు, వాళ్ళలో చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు కూడా. ఇక ప్రతి గుమ్మం ముందూ వంగి ముగ్గు పెట్టుకుంటున్న ఆడపడుచులు. ఎవరి ముగ్గునూ మేం తొక్కం, సైకిల్ రోడ్డు మధ్యకు తిప్పుకుని వెళతాం. అదే సమయానికి వెనక నుంచి కారు వస్తే? ముగ్గు పెట్టేవాళ్ళకూ అదే భయం. ‘అక్కా, చుక్కలే కనపడట్లేదు, సెల్‌ఫోన్ లైటు పళ్ళతో పట్టుకుని పెడుతున్నాను’ అని మా పక్కింటి కోడలు అంది మొన్న.

మీ పత్రిక వేసే కుర్రాడు కూడా ఆ గుంపులోనే ఉంటాడు. ఇంటర్ చదువుతున్నాడు, ఫీజు కోసం పేపర్లు వేస్తాడు. మొన్న డిసెంబరులో కాలువ వంతెన దిగేచోట మంచులో ఒక మోటార్ సైకిల్ అతన్ని గుద్ది ఆగకుండా వెళ్ళిపోయింది. నేను వెళ్ళేసరికి సైకిల్ ఒకపక్క, పేపర్లు ఒకపక్క పడున్నాయి, కుర్రాడు చెయ్యి పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. గుద్దిన మనిషిని తిట్టుకున్నాను, కానీ ఆ చోట తలెత్తి చూస్తే స్తంభానికి దీపం ఉంది, ఆరిపోయి ఉంది. ఆ దీపం ఇంకో ముప్పావు గంట వెలిగి ఉంటే ఆ కుర్రాడి పరీక్షలు చెడేవి కావు. ఇప్పుడు అతని బదులు వాళ్ళ అమ్మ పేపర్లు వేస్తోంది, నడిచి.

కరెంటు ఆదా కోసం ఆపుతున్నామంటారేమో. గ్రైండరు నడుపుకునేదాన్ని, యూనిట్ల లెక్క నాకు తెలుసు. వీధి ఎల్‌ఈడీ దీపం 40 వాట్లదనుకుంటే, అలాంటివి 25 కలిపి గంటసేపు వెలిగితే ఖర్చయ్యేది ఒక్క యూనిట్. ఒక ఇంట్లో 2 కిలోవాట్ల గీజరు అరగంట వేసుకుంటే అయ్యే కరెంటుతో ఒక వీధి వీధంతా గంటసేపు వెలుగుతుంది. అదీ ఏడాదంతా కాదు, డిసెంబరు, జనవరి, మహా అయితే ఫిబ్రవరి మొదటి వారాలు. దీపాలు ఆర్పే టైము ఋతువును బట్టి మార్చడానికి కొత్త స్తంభాలు పాతక్కర్లేదు, టెండర్లు పిలవక్కర్లేదు.

పెద్ద పనులు చెయ్యగలరని మాకు తెలుసు కాబట్టే అడుగుతున్నాను. నది వెంబడి రక్షణ గోడ కట్టారు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు మా కృష్ణలంక ఇళ్ళను ఆ గోడే కాపాడింది. అంతకుముందు వరద వార్త వస్తే సామాన్లు అటక ఎక్కించుకునేవాళ్ళం. అంత గోడ కట్టినవాళ్ళకు టైమర్ తిప్పడం కష్టం కాదు.

బండ్లు నడిపే అన్నలకు, తమ్ముళ్ళకు కూడా ఒక మాట. మంచులో హైబీమ్ వెయ్యకండి. ఆ వెలుగు మంచు తుంపర మీద పడి తిరిగి మీ కళ్ళలోకే కొడుతుంది, ఎదురొచ్చేవాళ్ళకూ ఏమీ కనిపించదు. డిమ్ చేసుకుని, హారన్ ఒకసారి కొట్టి, నెమ్మదిగా రండి. హైవే దాటేచోట మేం క్యారియర్ మీద బరువుతో ఉంటాం, చటుక్కున పక్కకు తప్పుకోలేం.

నిజానికి విజయవాడలో సైకిల్ తొక్కడానికి ఇంతకంటే మంచి కాలం లేదు. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండలో తొమ్మిదింటికే రోడ్డు మీద కాలు పెట్టలేం. ఇప్పుడు పొద్దున 18, 19 డిగ్రీలు. స్వెట్టరు వేసుకుని, చెవులకు మఫ్లరు చుట్టుకుని నాలుగు వీధులు తొక్కితే ఒళ్ళు వెచ్చబడి ఎంత హాయిగా ఉంటుందో తొక్కేవాళ్ళకే తెలుసు. ఖాళీ క్యానుతో తిరిగొచ్చేటప్పుడు కాలువ గట్టున నేను ఊరికే బెల్లు కొట్టుకుంటూ వస్తాను. మా వీధిలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు నన్ను చూసి, వాళ్ళ పిల్లల పాత సైకిళ్ళు దులిపి గాలి కొట్టించుకున్నారు. చీకటికి భయపడి మళ్ళీ గోడకు ఆనించేశారు. ‘లైట్లుంటే రేపే వస్తాం’ అంటున్నారు.

సంబంధిత అధికారులు ఈ ఉత్తరం చూస్తే, సంక్రాంతి దాకా ఆగకుండా ఈ వారంలోనే దీపాలు ఉదయం ఏడు గంటల వరకు వెలిగేలా చెయ్యమని ప్రార్థన. ముందుగా రాణిగారితోట నుంచి హైవే దాటే చోటు, తర్వాత బందరు కాలువ వంతెన, అక్కణ్ణుంచి గవర్నర్‌పేట మొదటి మలుపు వరకు చూడండి. ఎవరైనా స్వయంగా వస్తే పొద్దున ఐదున్నరకు వంతెన దగ్గర ఆగుతాను. ఏ స్తంభం దీపం ఎప్పుడు ఆరుతోందో, ఏ స్పీడ్ బ్రేకర్ రంగు పోయిందో వెంట ఉండి చూపిస్తాను. ఆలస్యమైనా ఆ ఒక్కరోజుకి టిఫిన్ బండి ఆయనకు నేను చెప్పుకుంటాను.

ఇట్లు,
ఇడ్లీ పిండి వేసే ఒక గృహిణి,
రాణిగారితోట, కృష్ణలంక, విజయవాడ