ఆర్కెస్ట్రా వాళ్ల చెవుల మాటేమిటి?

సంపాదకులకు నమస్కారం.

వినాయక చవితి దగ్గర పడితే చాలు, డీజే మోత మీద మీ పత్రికలో లేఖలు వరసగా వస్తాయి, రావాలి కూడా. కానీ ఆ బాక్సుల పక్కనే గంటల తరబడి నిలబడి పాడేవాళ్ల, వాయించేవాళ్ల చెవుల సంగతి ఎవరూ ఎత్తరు. నేను పెళ్లిళ్లకీ జాతరలకీ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. మా స్టేజి మీద వెనక డ్రమ్స్, పక్కన ప్యాడ్స్, ముందు మానిటర్ బాక్సు, అంటే మా పాట మాకు వినిపించే స్పీకరు. ఆ గోలలో పాడే అమ్మాయికి తన గొంతు తనకే వినపడదు. "అన్నా, మానిటర్ కొంచెం పెంచవా" అంటుంది, పెంచితే మైకు కూత పెడుతుంది, కూత ఆపడానికి తగ్గిస్తే ఆ అమ్మాయి ఇంకా గట్టిగా పాడుతుంది, మూడో పాటకల్లా శ్రుతి తప్పుతుంది, జనం ఆ అమ్మాయినే తిడతారు. సౌండ్ ఆయన్ని ఎవరూ ఏమీ అనరు!

అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ మోతలో రోజుకి 8 గంటలు ఉండొచ్చు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగం అవుతుంది. అంటే 100 దగ్గర 15 నిమిషాలే. మా వాళ్ల మాస్ పాటల మెడ్లీ ఒక్కటే అంతసేపు ఉంటుంది.

దీనికి మందు చెవిలో పెట్టుకునే మానిటర్, మేం 'ఇన్ ఇయర్' అనేది. టీవీలో పెద్ద గాయకులు పెట్టుకునేవి చూసి లక్షల వ్యవహారం అనుకుంటారు గానీ, వైరు రకం అయితే అంత అవదు. కేజెడ్ లాంటి చైనా కంపెనీలవి మూడు నాలుగు వేలలోపే దొరుకుతాయి. షూర్ ఎస్ఈ215 పది వేలకి అటూ ఇటూ. వీటితో పాటు సౌండ్ ఆయన దగ్గర్నుంచి వైర్లో వచ్చే శబ్దాన్ని మన చెవికి అందించే, నడుముకి తగిలించుకునే చిన్న డబ్బా కావాలి, బెరింగర్ పీ2 లాంటిది, రెండు ట్రిపుల్ ఏ బ్యాటరీలతో నడుస్తుంది. కీబోర్డు, డ్రమ్స్ వాళ్లం కదలం కాబట్టి వైర్‌లెస్ అవసరమే లేదు. రోజూ ఫోన్‌కి వాడే బ్లూటూత్ బడ్స్ మాత్రం ఇక్కడ పనికిరావు. కీ నొక్కిన చాలాసేపటికి శబ్దం వస్తుంది, తాళం నిలవదు.

కొనేటప్పుడు "ఒక్కో చెవికి ఐదు డ్రైవర్లండీ" అంటే మనవాళ్లు పడిపోతారు. డ్రైవరంటే లోపల శబ్దం పుట్టించే బుల్లి స్పీకరు. ఎస్ఈ215లో ఉన్నది ఒకటే డ్రైవరు, అయినా 2011 నుంచి స్టేజీల మీద నిలబడింది. అసలు చూడాల్సింది చెవిలో గాలి చొరబడకుండా కూర్చుందా లేదా అన్నది. సందు ఉంటే ముందు బేస్ పోతుంది, బయటి మోత లోపలికి వస్తుంది, మనం వాల్యూమ్ పెంచేస్తాం, ఇక కొన్న ప్రయోజనం ఏముంది? పెట్టుకుని నోరు బాగా తెరిచి పాట పాడి చూడండి, దవడ కదిలినప్పుడు బేస్ మాయమైతే చెవిలోకి వెళ్లే ఆ రబ్బరు సైజు మీది కాదు. చాలామందికి కుడి చెవికి ఒక సైజు, ఎడమ చెవికి ఇంకో సైజు కావాలి. ఫోమ్ రకం అయితే వేళ్లతో నలిపి, చెవిని కాస్త పైకి లాగి లోపల పెట్టి, అది ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి, ఊరికే తోసేస్తే నిలవదు. వైరు ఊడదీసి మార్చుకునే రకమే తీసుకోండి. మే నెల పెళ్లిళ్ల చెమటకి ముందు పోయేది అదే.

ఇంకో చెడ్డ అలవాటు, జనం చప్పట్లు వినపడవని ఒక చెవిది తీసి మెడ మీద వేలాడేయడం. అప్పుడు తీసిన చెవికి బయటి మోతంతా తగులుతుంది, రెండో చెవిలో వాల్యూమ్ ఇంకా పెరుగుతుంది. జనం వినపడాలంటే వాళ్ల వైపు ఒక మైకు పెట్టి ఆ శబ్దాన్ని మన లైన్లో కొంచెం కలపమనాలి.

అసలు తంటా అక్కడే ఉంది. మైకులు, వాయిద్యాల శబ్దాలన్నీ కలిపే మిక్సర్లో 'ఆక్స్' లైను ఉంటుంది, ఒక్కొక్కరికి కావాల్సిన శబ్దాన్ని విడిగా పంపే దారి అది. అడిగితే "నీ ఒక్కడికి వేరే లైనా?" అంటారు కొందరు సౌండ్ వాళ్లు. ఇచ్చినా ఒక్కో మైకు, ఒక్కో వాయిద్యం బయటి సౌండ్ పెంచి తగ్గించే మీట, అంటే ఛానల్ ఫేడర్‌తో ముడిపెట్టి ఇస్తారు, ఆయన బయట దేని సౌండ్ తగ్గిస్తే అది మన చెవిలోనూ తగ్గుతుంది. ఆ మీటతో సంబంధం లేకుండా ఇచ్చే 'ప్రీ ఫేడర్' లైను కావాలని విడిగా అడగండి, కేబుల్ మీరే పట్టుకెళ్లండి, డబ్బా వాల్యూమ్ సున్నాలో ఉంచి మొదలుపెట్టండి. ప్రోగ్రాం ఒప్పుకునే రోజునే ఆర్టిస్టులకి రెండు ఆక్స్ లైన్లు అని కాగితం మీద రాయించుకుంటే ఆ రాత్రి గొడవ ఉండదు. కమిటీ వాళ్లకి దీనివల్ల పెద్దగా అయ్యే ఖర్చేమీ లేదు.

షాపుల వాళ్లకీ ఒక మనవి. చెవిలో పెట్టినది వెనక్కి తీసుకోం అంటారు, న్యాయమే. కానీ రబ్బర్లు, ఫోములు అన్ని సైజుల్లో విడిగా ఎందుకు అమ్మరు? మా ఊళ్లో ఏ షాపులో అడిగినా "ఆన్‌లైన్లో చూసుకోండి" అనే అంటున్నారు.

– ఒక కీబోర్డు ఆర్టిస్టు, తణుకు