ఎనుమాముల యార్డు, 112 ముక్కల్లో

హనుమకొండ

మామా,

నీ ఉత్తరం అందింది. "ఫోన్‌లో పనోరమా ఉండగా ఈ గుండుసూదులు, థర్మాకోల్ షీట్లు ఎందుకురా" అని అడిగావు. యార్డును 112 చిన్న ఫొటోల్లో తీసి, ప్రింట్లు పక్కపక్కన అతికించి ఒకే పెద్ద బొమ్మ చేశాను కదా, దాని గురించేగా నీ ప్రశ్న. రెండు ముక్కల్లో చెప్పేది కాదు, తీరిగ్గా చదువు.

మిర్చి సీజన్‌లో ఎనుమాముల యార్డు గుర్తుందా? మీ బాపుతో ట్రాక్టర్ మీద వచ్చేవాడివి. అక్కడ నిలబడి ఒక్క వైడ్ ఫొటో తీస్తే పైన ఆకాశం, కింద రేకుల షెడ్డు, మధ్యలో ఒక ఎర్ర గీత వస్తుంది. కానీ మన కన్ను అట్లా చూడదు కదా. ఒక్కో బస్తా మూతి దగ్గర ఆగుతుంది. తేజ రకం మిర్చి సన్నగా, కొస తేలి ఉంటుంది. పక్క బస్తాలో చపాటా రకం, లావుగా టమాటాలా. (మన చపాటాకు 2025లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది, తెలుసు కదా!) ఒక ఖరీదుదారు నాలుగు కాయలు తీసి చెవి దగ్గర ఆడించాడు, లోపల గింజ గలగలమంటే బాగా ఎండినట్టు. ఆ చెయ్యి, ఆ చెవి, ఎదురుగా ఆయన ముఖంలోకే చూస్తున్న రైతు. ఇవన్నీ ఒకే ఫొటోలో, దగ్గరగా కనిపించాలి. నాకు కావాల్సింది అదే.

అందుకే 50 ఎంఎం లెన్స్‌తో ముక్కలు ముక్కలుగా తీశాను. షెడ్డు గద్దె మీద ఒక్కచోటే నిలబడి, ఎడమ నుంచి కుడికి వరుస వెంట వరుస. ప్రతి ఫొటోలో ముందు ఫొటోది మూడో వంతు మళ్లీ పడాలి. కాలు మాత్రం కదలొద్దు. ఒక్క అడుగు జరిగినా దగ్గరున్న స్తంభం వెనకాల బస్తాల మీదికి జరిగిపోతుంది, ఇక ఏ ముక్కా అతకదు. ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వెలుతురు ఎంత రావాలన్నది) ఒకసారి పెట్టి ముట్టుకోలేదు. జెండా పాట (పొద్దున ధర తేల్చే వేలం) మొదలయ్యేలోపు మొదలుపెట్టి, కాంటాలు అయ్యేదాకా తీశాను.

అసలు దెబ్బ ప్రింట్ల దగ్గర తగిలింది. ల్యాబ్‌లో మెషీన్ ప్రతి ఫొటోకు రంగు తనంతట తానే సరిచేసింది. ఫ్రేమ్ నిండా మిర్చే ఉంటే దానికి ఎరుపు ఎక్కువైనట్టు లెక్క, తగ్గించేసింది. ఒకే రాశి ఒక ముక్కలో ఎర్రగా, పక్క ముక్కలో ఇటుక రంగులో, ఇంకోదాంట్లో గోధుమ రంగులో! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కరెక్షన్ మొత్తం ఆపించి, 112 ప్రింట్లూ మళ్లీ వేయించాను. ఈసారి మ్యాట్ పేపర్ మీద. గ్లాసీ అయితే ట్యూబ్‌లైటు పడి మెరుస్తుంది.

బ్రిటిష్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ గురించి ఇదివరకే చెప్పాను కదా. 1982లో పోలరాయిడ్లు (తీసిన వెంటనే ప్రింటు వచ్చే ఫొటోలు) పక్కపక్కన పేర్చడం మొదలుపెట్టాడు. 1986 ఏప్రిల్‌లో కాలిఫోర్నియా ఎడారి రోడ్డును వందల ఫొటోల్లో తీశాడు. స్టాప్ బోర్డు కోసం నిచ్చెన ఎక్కి, దాని ఎదురుగా వెళ్లి తీశాడట. దూరంగా కనిపించాల్సింది కూడా చేతికందేలా ఉంటుంది అందులో. నాసా వాళ్లదీ చేతిపనే. 1966లో సర్వేయర్ 1 అనే వాళ్ల నౌక చంద్రుడి మీద దిగి 11 వేలకు పైగా చిన్న చిన్న ఫొటోలు పంపింది. ఆ సర్వేయర్ ఫొటోలను మనుషులు కూర్చుని గోళాల లోపలి గోడలకు అంటించారు, కెమెరా ఏ దిక్కున చూసిందో ఆ దిక్కునే. ఆ సంగతి తెలిసిన రోజు నాకు ఎంత ధైర్యం వచ్చిందో!

ఇక ఆ ఫొటోల్లో పడ్డ ఒక హమాలీ సంగతి. నీలం తువ్వాలు తలకు చుట్టుకున్నాయన. ఎడమ చివర వంగి బస్తా ఎత్తుకుంటున్నాడు. మధ్యలో అదే బస్తా వీపు మీద. కుడి చివర కాంటా దగ్గర దింపి తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. నేను వరుసలో కెమెరా తిప్పుతున్నంతసేపూ ఆయన నడుస్తూనే ఉన్నాడు! కంప్యూటర్‌కు ఇస్తే అతుకు కుదరడానికి ముగ్గురిలో ఇద్దర్ని తుడిచేస్తుందేమో. నేను ముగ్గుర్నీ ఉంచాను. ఆ బరువు ఎంత దూరం మోశాడో ఈ గోడ మీద కొలవొచ్చు మామా.

మధ్య ముక్క నుంచి పేర్చుకుంటూ పోయాను. అంచులు కోయలేదు, ఒకదాని మీద ఒకటి ఎక్కించానంతే. నాలుగు రోజులు థర్మాకోల్ మీద గుండుసూదులతోనే ఉంచి, కుదిరాక ప్లైవుడ్ మీద డబుల్ టేప్‌తో అంటించాను. మైదా బంకతో మొదట రెండు ముక్కలు పెడితే తడికి ఉబ్బిపోయాయి. ఇప్పుడు ఆరడుగుల పొడవుంది. ముందు గదిలో అమ్మ ఫొటో పక్కనే పెట్టాను.

కుడివైపు కింద ఒక ముక్క ఖాళీ. అక్కడ తీయడమే మర్చిపోయాను. వేరే రోజు ఎండతో దాన్ని నింపడం ఇష్టం లేదు, ప్లైవుడ్ అట్లాగే కనబడనీ.

సోమవారం పొద్దున్నే బస్సెక్కి రా. ఈ పలకను ఇద్దరం పట్టుకుని యార్డుకు తీసుకుపోదాం, ఆ నీలం తువ్వాలు ఆయనకు చూపించాలి. మూతికి కట్టుకోవడానికి రుమాలు తెచ్చుకో, ఈసారి ఘాటు ఎక్కువుంది.

నీ
మామ