సీటు తేలకుండా శిక్ష వేయవద్దు

సంపాదకులకు నమస్కారం.

నేనొక డిగ్రీ కళాశాలలో కంప్యూటర్ ల్యాబ్ బాధ్యతలు చూస్తున్నాను. మా 30 సీట్లూ థిన్ క్లయింట్లే. విద్యార్థి ముందు ఉండేది చిన్న పెట్టె, మానిటర్, కీబోర్డు, మౌస్. పనంతా పక్క గదిలోని విండోస్ సర్వర్‌లో జరుగుతుంది. ఏ సీటు నుంచి ఇంటర్నెట్ తెరిచినా, రాకపోకలను కాపలా కాసే ఫైర్‌వాల్‌కు కనిపించేది ఆ సర్వర్ ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో యంత్రాన్ని గుర్తించే నంబరు) ఒక్కటే.

ఇటీవల ఒక బృందం ప్రాజెక్టు ఫోల్డరును ఎవరో సర్వర్ నుంచి తొలగించారు. ఎవరు ఏం చేశారో సర్వర్ నమోదు చేసే ఆడిట్ లాగ్‌లో ఒక విద్యార్థి యూజర్ పేరు కనబడింది. తాను కాదని అతను ఎంత మొత్తుకున్నా వినకుండా రెండు వారాలు ల్యాబ్‌కు రానివ్వలేదు. మొదటి రోజు నేనూ అతని మాట నమ్మలేదు; ఆ బాధ నన్నింకా వదల్లేదు.

సర్వర్‌లో క్వెరీ యూజర్ ఆదేశం ఇస్తే యూజర్ పేరు, సెషన్ (లాగిన్‌తో సర్వర్‌లో మొదలయ్యే పని) నంబరు, లాగిన్ సమయం వస్తాయి గాని, ఏ సీటు నుంచి అన్నది రాదు. అది సర్వర్‌లోనే ఉండే టెర్మినల్ సర్వీసెస్ సెషన్ లాగ్‌లో దొరికింది. ఆ విద్యార్థి 11.20కి లాగాఫ్ చేయకుండా విండో మూసి వెళ్లినట్లు 24వ నంబరు ఈవెంట్, 11.42కి అదే సెషన్‌ను మళ్లీ తెరిచినట్లు 25వ నంబరు ఈవెంట్ ఉన్నాయి. రెండోదానిలోని ఐపీ చిరునామా అతను కూర్చున్న 17వ సీటుది కాదు, 5వ సీటుది. ఆ సమయంలో అతను పై అంతస్తులో తెలుగు క్లాసులో ఉన్నట్లు హాజరు పట్టీ చెబుతోంది. మా దగ్గర హాల్‌టికెట్ నంబరే పాస్‌వర్డు కావడంతో ఇతరుల సెషన్ తెరవడం ఎవరికైనా సాధ్యమే.

ఆ చిరునామా 5వ సీటుదని చెప్పగలిగామంటే, ప్రతి పెట్టె మ్యాక్ చిరునామాకు (తయారీలోనే వచ్చే గుర్తింపు నంబరు), ఐపీలు పంచే డీహెచ్‌సీపీలో ఒక స్థిరమైన ఐపీ కేటాయించి, దాన్ని పెట్టె మీద అంటించి ఉంచడం వల్లే. అయితే సీటు వారీగా సంతకాలు తీసుకునే పుస్తకం లేనందున అక్కడ ఎవరు కూర్చున్నారో నేటికీ తేలలేదు.

థిన్ క్లయింట్లు వాడే కళాశాలల యాజమాన్యాలకు నా విన్నపం ఒకటే: యూజర్ పేరు, సెషన్ నంబరు, సీటు చిరునామా, సమయం, ఈ నాలుగూ కలిసి దొరికేదాకా ఏ విద్యార్థి మీదా చర్య తీసుకోవద్దు. సెషన్ లాగ్‌కు సర్వర్‌లో మొదట ఉండే పరిమాణం సుమారు ఒక మెగాబైటే. అది నిండితే పాత నమోదులు చెరిగిపోతాయి కనుక దాన్ని పెంచాలి. లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో ఉంది. వదిలేసి వెళ్లిన సెషన్ కొద్ది నిమిషాల్లో దానంతటదే ముగిసేలా విండోస్ నియమాలు అమర్చే గ్రూప్ పాలసీలో గడువు పెట్టడానికి పైసా ఖర్చు కాదు.

ఆ విద్యార్థికి ఇచ్చిన హెచ్చరిక ఇంకా కళాశాల ఫైలులోనే ఉంది. దాన్ని రద్దు చేయాలని లాగ్ ప్రతిని జతచేసి ప్రిన్సిపాల్ గారికి లేఖ ఇచ్చాను.

ఇట్లు,
ఒక ల్యాబ్ నిర్వాహకుడు, గుంటూరు